ఫుట్‌పాత్ మీద, బ్యారక్‌లో: కడుపులో పురుగుల లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల చేత నులిపురుగుల మాత్ర మింగిస్తారు. 2015లో మొదలైన ఈ జాతీయ కార్యక్రమం ఒకటి నుంచి 19 ఏళ్ల వయసు వాళ్లకు వర్తిస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు సగం మాత్ర, మిగతా వాళ్లకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి ఇస్తారు. పిల్లల ఎదుగుదలను దెబ్బతీసే పురుగుల మీద పెట్టిన కార్యక్రమం కాబట్టి వయసుకు ఆ హద్దు పెట్టడంలో న్యాయం ఉంది. ఇల్లు, మరుగుదొడ్డి, కొళాయి నీళ్లు, కాళ్లకు చెప్పులు ఉన్న పెద్దవాళ్లకు ఆ మాత్ర అందకపోయినా పెద్ద నష్టం లేదు.

ఇవేవీ లేని పెద్దవాళ్ల సంగతే చిక్కు. వాళ్లలో రెండు వర్గాలను వైద్య పరిశోధనలు తరచూ ఒకే గాటన కడతాయి. ఒకటి రోడ్డు పక్కన, ఫ్లైఓవర్ల కింద, ఆస్పత్రి ఆవరణల్లో బతికేవాళ్లు. రెండోది జైళ్లలో ఉన్నవాళ్లు. ఇద్దరికీ పేగుల్లో పరాన్నజీవుల బెడద ఎక్కువేనన్నది నిజం. కానీ అవి చేరే దారులు వేరు, చాలాసార్లు ఆ పరాన్నజీవులే వేరు. అందుకే ఒకచోట పనిచేసిన ఉపాయం ఇంకోచోట పనిచేయదు.

పేగుల్లో కాపురం పెట్టేవి ఏవి?

మన శరీరంలో చేరి మన తిండి మీద, రక్తం మీద బతికే జీవిని పరాన్నజీవి అంటారు. పేగుల్లో చేరేవాటిని రెండు రకాలుగా చూడొచ్చు.

మొదటి రకం కంటికి కనిపించే పురుగులు. జానెడు పొడవు పెరిగే ఏలికపాములు, పేగు గోడను కరిచి రక్తం తాగే కొంకి పురుగులు, పెద్దపేగులో ఉండే కొరడా పురుగులు, రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురద పుట్టించే సన్నటి తెల్ల పురుగులు, పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు ఇందులోకి వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మట్టి ద్వారా వ్యాపించే పురుగులు దాదాపు 150 కోట్ల మందిలో ఉన్నాయి.

రెండో రకం మైక్రోస్కోపు కింద తప్ప కనబడని ఏకకణ జీవులు. జిగట విరేచనాలు తెచ్చే అమీబా, కుళ్లిన గుడ్డు వాసన తేన్పులు, కడుపుబ్బరం, జిడ్డు విరేచనాలు తెచ్చే జియార్డియా, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లను నీళ్ల విరేచనాలతో పీల్చేసే క్రిప్టోస్పోరిడియం ఈ రకానివి. నులిపురుగుల దినాన వేసే ఒక్క మాత్ర వీటిని వదిలించదు. చాలా చర్చల్లో ఈ ముక్క జారిపోతోంది. “అందరికీ మాత్రలు వేశాం” అని అధికారి అన్నప్పుడు, ఏ రకం పరాన్నజీవికి వేశారని అడగాలి.

బయట ఎన్నాళ్లు ఉండాలి?

ఒక పరాన్నజీవి ఎక్కడ బాగా వ్యాపిస్తుందో తెలియాలంటే, మనిషి మలంలోంచి బయటపడ్డాక ఇంకో మనిషికి సోకే శక్తి దానికి ఎంతసేపట్లో వస్తుందో చూడాలి.

ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు బయటకు వచ్చిన రోజే ఇంకొకరి నోట్లోకి వెళ్లినా ఏమీ కాదు. తడి మట్టిలో, నీడలో రెండు మూడు వారాలు పక్వానికి వచ్చాకే అది సోకుతుంది. కొరడా పురుగు గుడ్డుదీ ఇదే వరస. కొంకి పురుగు గుడ్డు ఒకటి రెండు రోజుల్లో మట్టిలోనే పిల్ల అవుతుంది. ఆ పిల్ల వారం, పది రోజుల్లో ఉత్తకాళ్ల చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోయేంత బలపడుతుంది. అంటే ఈ మూడింటికీ మట్టి కావాలి, అందులో కొన్నాళ్లు గడవాలి.

జియార్డియాకూ అమీబాకూ ఆ ఆగడం అక్కర్లేదు. అవి గట్టి పొర కప్పుకుని బయటపడిన క్షణం నుంచే సోకగలవు. కడుక్కోని చేయి, ఒకే మగ్గు, ఒకే నీళ్ల తొట్టి చాలు. దురద పెట్టే తెల్ల పురుగుల గుడ్లు కూడా కొన్ని గంటల్లోనే సిద్ధమై దుప్పట్లలో, లోదుస్తుల్లో రెండు మూడు వారాలు బతుకుతాయి.

మట్టి అవసరమైనవి ఆరుబయట బతికేవాళ్లను పట్టుకుంటాయి. మట్టితో పని లేనివి నాలుగు గోడల మధ్య ఇరుక్కున్న వాళ్లను పట్టుకుంటాయి. దీనికి మినహాయింపులు ఉన్నా ఈ తేడా గుర్తుంటే మిగతా చిక్కుముడి చాలావరకు విడుతుంది.

రోడ్డు మీద బతుకు, కాళ్ల కింద మట్టి

2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా ఇళ్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. 17.7 లక్షల మంది తేలారు. పగలు కూలికి పోయి రాత్రికో చోట పడుకునేవాళ్లను ఒక్క రాత్రిలో లెక్కించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఈ సంఖ్యను కనీసంగానే చూడాలి.

నిజానికి సిమెంటు ఫుట్‌పాత్ మీద కొంకి పురుగు పిల్ల బతకదు. దానికి నీడ, తేమ, గుల్ల మట్టి కావాలి. మరి రోడ్డు మీద పడుకునేవాళ్లకు ఎక్కడ సోకుతుంది? కాలకృత్యాలకు వెళ్లే చోట. నాలా గట్లు, రైలు పట్టాల పక్క, ఖాళీ ప్లాట్లు, పార్కు వెనకాల పొదలు. రోజూ అదే చోటుకు వెళ్తే వారం కిందటి మలంలోంచి మట్టిలో పెరిగిన పురుగు పిల్లలు నేటి కాళ్లకు ఎక్కుతాయి. చాలామంది పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లే కాబట్టి, ఊరి నుంచే పురుగును మోసుకొచ్చి ఉండొచ్చు కూడా. కొంకి పురుగులు పేగుల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి.

“సులభ్ కాంప్లెక్సులు ఉన్నాయి కదా” అంటారు. ఒకసారికి అయిదు రూపాయలే అనుకుందాం. విరేచనాలు పట్టుకున్న మనిషి రోజుకు ఆరుసార్లు వెళ్తే 30 రూపాయలు. రోజంతా చిత్తుకాగితాలు ఏరితే వచ్చే సంపాదనలోంచి అది పోవాలి. రాత్రి తాళం వేసే కాంప్లెక్స్ అయితే డబ్బున్నా ఉపయోగం లేదు. స్వచ్ఛ భారత్‌లో ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకోవడానికి సాయం అందింది. కానీ ఆ సాయం అందాలంటే ముందు ఇల్లుండాలి. పట్టణ మిషన్‌లో సామూహిక మరుగుదొడ్లకూ చోటిచ్చారు గానీ, అవి నడిచే వేళలు, వసూలు చేసే రుసుము బయట పడుకునేవాళ్లకు అనుకూలంగా ఉంటేనే అక్కరకొస్తాయి.

కొంకి పురుగు చేసే నష్టాన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే రకం ఒక్కొక్కటీ రోజుకు దాదాపు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోయేలా చేస్తుంది. వంద పురుగులుంటే రోజుకు 3 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది కనుక, రోజుకు 1.5 మిల్లీగ్రాములు పేగుల్లోకి కారిపోతుంది. అందులో కొంత తిరిగి ఒంటికి పట్టినా, మగవాడు మామూలు తిండి నుంచి రోజుకు గ్రహించేది సుమారు ఒక మిల్లీగ్రామే. ఆడవాళ్లకైతే నెలసరి నష్టం అదనం. అన్నదానం దగ్గర దొరికిన అన్నం, చారుతో ఈ లోటు పూడదు. కొన్ని నెలల్లో మనిషి పాలిపోయి, నాలుగు అడుగులకే ఆయాసపడతాడు. చూసేవాళ్లు “తాగి పడున్నాడు” అనుకుని పక్కకు తప్పుకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఒక మాత్రతో, నెలా రెండు నెలల ఐరన్ గోళీలతో చాలావరకు సరిచేయగల జబ్బు, ఆ మనిషి స్వభావం మీద ముద్రగా మారిపోతోంది.

జైల్లో మట్టి తక్కువ, చేతులు ఎక్కువ

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అప్పటి సామర్థ్యంతో పోలిస్తే ఇది 131.4 శాతం. వీళ్లలో నాలుగింట మూడు వంతుల మంది, అంటే 75.8 శాతం, ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో రద్దీ జాతీయ సగటు కన్నా తక్కువే. అయితే రాష్ట్రం సగటు వేరు, ఒక్కో జైలు పరిస్థితి వేరు.

రాత్రి నిద్రపోయే బ్యారక్‌లో పది మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్ చెబుతోంది. యాభై మందికి కట్టిన బ్యారక్‌ను తీసుకుందాం. నియమం ప్రకారం అయిదు దొడ్లు. జాతీయ సగటు రద్దీ లెక్కన అందులో 65 మంది పైనే ఉంటారు, ఒక్కోదానికి 13 మంది. ఒక్కటి పూడుకుపోయిందంటే ఒక్కోదానికి 16 మంది. సాయంత్రం లాకప్ అయ్యాక తెల్లారి తలుపులు తీసేదాకా వేరే దారి లేదు. ఆ 65 మందిలో ఒక్కరికి జియార్డియా ఉంటే మగ్గు పిడి, కుళాయి, తలుపు గడియ ద్వారా పక్కవాళ్లకు చేరడానికి మట్టీ అక్కర్లేదు, వారాలూ అక్కర్లేదు.

నీళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపితే బ్యాక్టీరియా చస్తుంది. క్రిప్టోస్పోరిడియం మాత్రం మామూలు మోతాదు క్లోరిన్‌ను లెక్కచేయదు. 1993లో అమెరికాలోని మిల్‌వాకీ నగరంలో శుద్ధి చేసి సరఫరా చేసిన నీటి ద్వారానే దాదాపు 4 లక్షల మందికి ఇది సోకిందని అంచనా వేశారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇది ప్రాణాంతకం కావొచ్చు. జైళ్లలో హెచ్‌ఐవీ బయటకన్నా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, నీళ్లు కాచడమో మంచి ఫిల్టరో అక్కడ సౌకర్యం కిందకు రాదు, వైద్యం కిందకే వస్తుంది.

జైల్లో ఎవరు వండుతారు, ఎవరు కడుగుతారు అన్నదీ ఇందులో భాగమే. వంట ఖైదీలే చేస్తారు. వాళ్లలో ఒకరి పేగులో బద్దెపురుగు ఉండి, చేతులు సరిగా కడుక్కోకపోతే, దాని గుడ్లు అందరి అన్నంలోకీ పోతాయి. అవి మెదడులో గడ్డలు కట్టి మూర్ఛ తెప్పిస్తాయి. పంది మాంసం ముట్టనివాళ్లకూ ఇది రావడానికి కారణం అదే. ఇక మరుగుదొడ్లు కడిగే పని. పలు రాష్ట్రాల జైలు నిబంధనలు దాన్ని కొన్ని కులాలకే అంటగట్టాయి. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. తీర్పు మాట్లాడింది సమానత్వం గురించి, గౌరవం గురించి. కానీ చేతి తొడుగులు లేకుండా మలం ఎత్తే పని కొందరి మీదే పెడితే సోకే ముప్పు కూడా వాళ్ల మీదే పడుతుంది.

ఈ జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చింది?

అమీబా గురించి మనకు తెలిసిన మొదటి గట్టి సంగతులు జైల్లోంచే వచ్చాయి. 1913లో వాకర్, సెల్లార్డ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలోని బిలిబిడ్ జైలు ఖైదీల మీద చేసిన ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. ఇరవై మందికి రోగకారక అమీబాను గొట్టం మాత్రల్లో పెట్టి మింగించారు. పద్దెనిమిది మందికి సోకింది. జిగట విరేచనాలు మాత్రం నలుగురికే వచ్చాయి. లక్షణాలేవీ లేకుండానే మనిషి అమీబాను మోస్తూ తిరగగలడని దీంతో తేలింది.

నలభై ఏళ్ల తర్వాత, 1954లో, అమెరికాలో రెండ్‌టార్ఫ్ అనే శాస్త్రవేత్త ఖైదీ వాలంటీర్లకు జియార్డియాను ఇలాగే మింగించాడు. పది కణాలు మింగినా చాలు, సోకుతుందని తేలింది. ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపించే “పది చాలు” అన్న అంకె అక్కడిదే.

వాళ్లంతా ఒప్పుకునే పాల్గొన్నారని రాశారు. తాళం వేసిన గదిలో ఉన్న మనిషి ఇచ్చే ఒప్పుకోలుకు ఎంత విలువ ఉంటుంది? ఈ ప్రశ్న బలపడ్డాకే 1978లో అమెరికా ప్రభుత్వం ఖైదీల మీద పరిశోధనలకు గట్టి హద్దులు పెట్టింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలూ ఖైదీలను ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగానే చూస్తాయి. ఈ రక్షణ తప్పనిసరి. కానీ అనుమతులు దొరకడం కష్టమై జైళ్లలో సర్వేలే తగ్గిపోతే, ఒకప్పుడు తమ ఒంటి మీదుగా జ్ఞానాన్నిచ్చినవాళ్లకే ఆ జ్ఞానం అందకుండా పోతుంది. ఇథియోపియా లాంటి దేశాల్లో జైళ్లలోనూ, వీధుల్లో బతికేవాళ్లలోనూ మలపరీక్ష సర్వేలు జరిగాయి. చేయాలనుకుంటే దారులున్నాయి.

శాతాలను ఎలా చదవాలి?

“ఫలానా చోట 12 శాతం మందికి పురుగులున్నాయి” అని వార్త వస్తే, ఏ పరీక్ష చేశారో చూడాలి. పురుగుల సర్వేల్లో ఎక్కువగా వాడేది కాటో-కాట్జ్ పద్ధతి. అందులో 41.7 మిల్లీగ్రాముల మలాన్ని అద్దం మీద పరిచి గుడ్లు లెక్కపెడతారు. వచ్చిన సంఖ్యను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. పది గుడ్లు కనిపిస్తే గ్రాముకు 240. ఏలికపాముల విషయంలో గ్రాముకు 5,000 లోపు ఉంటే తేలికపాటిదిగా లెక్క.

పది గుడ్లే ఉన్న మనిషికి ఇంకో రోజు చేస్తే సున్నా రావొచ్చు. కొంకి పురుగు గుడ్లు అద్దం మీద గంటలోపే మాయమవుతాయి, ల్యాబ్ దూరమైతే అవి లేనట్టే నమోదవుతుంది. జియార్డియా, అమీబా ఈ పద్ధతిలో అసలు కనబడవు. దురద పురుగులకు మలపరీక్షే సరిపోదు, పొద్దున్నే మలద్వారం దగ్గర టేపు అంటించి చూడాలి. కాబట్టి జైల్లో కాటో-కాట్జ్ మాత్రమే చేసి “ఇక్కడ సమస్య తక్కువ” అంటే, అక్కడ ఎక్కువగా తిరిగేవాటిని వెతకనే లేదని అర్థం.

మామూలు మైక్రోస్కోపు పరీక్షకు దీనికి వ్యతిరేకమైన తప్పుంది. అమీబాలో రోగం తెచ్చే జాతి, ఏ హానీ చేయని జాతి చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 1925లోనే బ్రంప్ట్ అనే శాస్త్రవేత్త అవి వేరని అన్నా, శాస్త్రం దాన్ని పూర్తిగా ఒప్పుకున్నది 1993లో. అందుకే అమీబా సంఖ్యలు ఉన్నదానికన్నా పెద్దగా కనిపించే అవకాశముంది.

నలభై ఏళ్లు వదలని పురుగు

స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు గురించి విడిగా చెప్పాలి. కొంకి పురుగులాగే చర్మం గుండా దూరుతుంది. అయితే దీని పిల్లలు పేగుల్లోనే బలపడి అదే మనిషికి మళ్లీ సోకగలవు. బయటి మట్టితో పని లేకుండా దశాబ్దాలు సాగుతుంది.

ఇది బాగా తెలిసింది యుద్ధఖైదీల వల్ల. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్-బర్మా రైలు మార్గం మీద బందీలైన సైనికులతో పని చేయించింది. విడుదలై బ్రిటన్, ఆస్ట్రేలియా చేరినవాళ్లలో నలభై ఏళ్ల తర్వాత కూడా ఈ పురుగు దొరికింది. అదే దారి మీద మలయా (నేటి మలేసియా) తోటల నుంచి తీసుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలూ పనిచేశారు, వేలల్లో చనిపోయారు. దశాబ్దాల తర్వాతి పరిశోధనలు జరిగింది మాత్రం మాజీ సైనికుల మీద. వాళ్లకు రికార్డులున్నాయి, చిరునామాలున్నాయి.

ఈ పురుగున్న మనిషికి ఆయాసానికో మరోదానికో స్టెరాయిడ్ మందులిస్తే, అణిగి ఉన్నది ఒక్కసారిగా విజృంభించి ప్రాణం తీయొచ్చు. కోవిడ్ కాలంలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వాడకం పెరిగినప్పుడు వైద్యులు దీని గురించే హెచ్చరించారు. ఒక్క ఆల్బెండజోల్ మాత్రకు ఇది లొంగదు, ఐవర్‌మెక్టిన్ అనే వేరే మందు కావాలి.

మాత్రా, పరీక్షా, నీళ్లా?

ఇక్కడ నిపుణుల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది.

పరీక్ష లేకుండానే మాత్ర వేసేయాలన్నది ఒక వాదం. మందు చవక, మూడు నెలల లోపు గర్భిణులను మినహాయిస్తే చాలావరకు సురక్షితం. ఫలితం కోసం మళ్లీ రమ్మంటే ఇల్లు లేని మనిషి ఎక్కడి నుంచి వస్తాడు? అమెరికాకు వచ్చే శరణార్థుల్లో చాలామందికి 1999 నుంచి బయలుదేరే ముందే ఇలా ఆల్బెండజోల్ ఇస్తున్నారు. అభ్యంతరాలూ బలమైనవే. ఒక్క మోతాదు ఏలికపాములను బాగా తొలగిస్తుంది, కొరడా పురుగుల మీద అంతగా పనిచేయదు, ఏకకణ జీవులను వదిలేస్తుంది. మెదడులో బద్దెపురుగు గడ్డలు దాగి ఉన్నవాళ్లకు మందు వల్ల మూర్ఛ రావొచ్చు. జైల్లో వరసగా నిలబెట్టి మింగిస్తే వద్దనే హక్కు ఏమవుతుందన్న ప్రశ్నా ఉంది. పిల్లలకు మూకుమ్మడిగా మాత్రలు వేస్తే ఎంత మేలన్నదాని మీదే ఏకాభిప్రాయం లేదు. కెన్యాలో జరిగిన ప్రయోగం ఆధారంగా మిగెల్, క్రెమర్ అనే ఆర్థికవేత్తలు 2004లో బడి హాజరుకు మేలన్నారు. పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కొక్రేన్ సమీక్షలు సగటు మీద చూస్తే పిల్లలకు మేలు స్వల్పమో శూన్యమో అన్నాయి.

పరీక్ష చేసి ఉన్నవాళ్లకే ఇవ్వాలన్నది రెండో వాదం. జైల్లో ఇది సాధ్యమే, మనిషి అక్కడే ఉంటాడు, డాక్టరూ ఉంటారు. నీళ్లు, దొడ్లు బాగుచేయకుండా ఏ మందిచ్చినా మళ్లీ సోకుతుందన్నది మూడో వాదం.

బయట ఎన్నాళ్లు ఉండాలన్న ప్రశ్నతో చూస్తే, ఒకే జవాబు అందరికీ పెట్టనక్కర్లేదని నాకనిపిస్తుంది. రోడ్డు మీద ఉన్నవాళ్లలో మట్టి పురుగులు మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది కాబట్టి, నైట్ షెల్టర్‌లోనో అన్నదానం దగ్గరో ఆరు నెలలకోసారి మాత్ర, చెప్పుల జత, ఐరన్ గోళీలు ఇస్తే కనిపించే మేలుంటుంది. జైల్లో తిరిగేవి వెంటనే సోకే రకాలు. అక్కడ మాత్ర వేసిన వారానికే మళ్లీ రావొచ్చు కనుక మొదటి రూపాయి సబ్బుకు, నీళ్లకు, పూడిన దొడ్డి బాగుచేయడానికి పోవాలి. పరీక్ష ఆ తర్వాత.

ఈ రెండు చోట్ల మధ్యా మనుషులు తిరుగుతూ ఉంటారన్నది ఇంకో చిక్కు. చిన్న కేసులో రిమాండ్‌కు వెళ్లిన ఫుట్‌పాత్ మనిషి కొన్ని వారాలకే బయటకు వస్తాడు. అమీబాకు మెట్రోనిడజోల్ కోర్సు రోజుల తరబడి వాడాలి, అది అయ్యాక పేగుల్లో మిగిలినవాటికి డైలోక్సనైడ్ లాంటి రెండో మందు కావాలి. మధ్యలో బెయిల్ వస్తే మొదటిది సగంలో ఆగుతుంది, రెండోది మొదలే కాదు. జబ్బు వివరాలు జైలు ఆస్పత్రి రిజిస్టర్‌లో ఉండిపోతాయి. విడుదలయ్యేటప్పుడు ఆ చీటీ కాపీని, మిగిలిన మాత్రలను మనిషి చేతికే ఇస్తే, బయట ఏ బస్తీ దవాఖానాలోనైనా, ఏ పీహెచ్‌సీలోనైనా కోర్సును ఆగినచోటి నుంచే కొనసాగించవచ్చు.